తిట్లు బందైన గల్లీ

నాకు కొలువు దొరికింది నా గొంతు వల్ల. చదువు వల్ల కాదు, సంతకం పెట్టడం తప్ప నాకు రాత రాదు. మా ఆయన పోయాక నేతగాళ్ల ఇళ్లకు నూలు కండెలు చుట్టిపెట్టి బతుకుతున్న రోజులవి. సిద్దిపేటలో కొత్తగా మొదలైన ఒక సంఘం వాళ్లు మగ్గాల గల్లీలో మీటింగు పెట్టుకున్నారు. మైకు పలకలేదు, ఆడవాళ్లెవరూ ఇళ్లలోంచి కదల్లేదు. నేను దారిన పోతూ ఆగి, "ఓ అవ్వలారా, మీ కోసమే గింత దూరం వచ్చిన్రు, జర బయటికి రాన్రి" అని ఒక్క కేక వేశాను. గల్లీ ఆ చివరిదాకా తలుపుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. మర్నాడే కబురు పంపారు. సంఘం పనులు చూసే మేడం, "రోజూ ఇలా పిలిచి కూర్చోబెట్టమ్మా, మిగతాది మేం చూసుకుంటాం" అన్నది. నా గొంతు బొంగురు గొంతు, నాలుగు ఇళ్ల అవతల చంటిపిల్లలు ఉలిక్కిపడే గొంతు. దానికి జీతం ఇస్తామన్నవాళ్లు వాళ్లొక్కరే.

ఇప్పుడు ఆ పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. అదే పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు అప్పుడప్పుడు వచ్చి, ఏదైనా చెప్పు పెద్దమ్మా అంటారు. గెలిచిన సంగతులు సంఘం వాళ్లే చెప్పుకుంటారు, ఫొటోలు కూడా ఉంటాయి. నేను, చెడిపోయిన పని సంగతి ఒకటి చెప్తాను. నేను చెప్తుంటే మా కోడలు రాస్తున్నది. నా మాటలను పుస్తకంలో మాటల్లా సాపు చేసుకొమ్మన్నాను. తిట్లు మాత్రం ముట్టుకోవద్దన్నాను.

సంఘం పని మనుషుల నడవడి బాగు చేయడం. రోడ్లు, మోరీలు చూసుకోవడానికి ఆఫీసులున్నాయి, మనిషి గుణం ఎవరు చూడాలి అని వాళ్లు అడిగేవాళ్లు. అందుకని నెలకో గుణం పెట్టుకున్నారు. ఒక నెల నిజం, ఒక నెల శుభ్రం, ఒక నెల పెద్దలంటే గౌరవం. గల్లీ మొదట్లో ఆ గుణం పేరు రాసిన బోర్డు నిలబెట్టేవాళ్లం. సాయంత్రం పూట అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడించేవాళ్లం. సిద్దిపేటలో కొన్ని గల్లీలు, కొండపాకలో రెండు వాడలు మా కింద ఉండేవి. ఎగతాళికి చెప్పడం లేదు. శుభ్రం నెల తర్వాత మోరీలో అన్నం పారబోయడం నిజంగానే తగ్గింది. నిజం నెలలో ఒక కిరాణా సేటు ఎవరూ అడగకుండానే తన పాత తక్కెడ తీసేసి కొత్తది పెట్టుకున్నాడు.

నాతో పాటు పనిచేసినాయన హుస్నాబాద్ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మైకు, కుర్చీలు, బోర్డులు ఆయన చూసేవాడు. నన్ను చెల్లె అనేవాడు. నేను పిలవడం మొదలుపెడితే, "జర ఆగు చెల్లె, నా మైకుకు సిగ్గయితది" అనేవాడు.

ఇక మగ్గాల గల్లీ. ఆ గల్లీలో పగటిపూట తలుపు మూసే అలవాటు లేదు. అక్కడివి గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుని నేస్తారు, కాబట్టి తలుపులోంచి వెలుతురు రావాలి. వెలుతురు లోపలికి వచ్చినట్టే ఇంట్లో మాట బయటికి వచ్చేది. అందరికంటే పెద్ద నోరు ఒక ముసలామెది. ఆమెను గల్లీ అంతా పెద్దవ్వ అనేది. ఆమె నోటికి పాలవాడు, పిల్లి, కరెంటు, ఎండ, అన్నీ సమానం.

ఆ గల్లీకి ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంట్లోనైనా మొగుడు పెళ్లాం మీద గొంతు పెంచితే పెద్దవ్వ వచ్చి తన గడప మీద నిలబడేది. ఆ ఇంట్లోకి పోయేది కాదు. తన గడప దిగేది కాదు. అక్కడి నుంచే మొదలుపెట్టేది.

"ఓరి సచ్చినోడా, నీ చేతులు ఇర్గిపోను. మీ నాయిన గూడ గిట్లనే మీదికి లేస్తుండె. ఆఖరికి మంచంల వడ్డంక మీ అమ్మ చెయ్యే గదరా కడిగింది. నీకు గా చెయ్యి గూడ దొర్కదు పో."

ఎదురింటి గడప మీది నుంచి ఇంకొకామె అందుకునేది. అటు పక్క ఇంకొకామె. వాడి తాత ముత్తాతలు కూడా గల్లీలోకి దిగి వచ్చేవాళ్లు. ఎంతటి మొగోడైనా కాసేపటికి చెప్పులు వెతుక్కొని, తల వంచుకొని చాయ్ హోటలు దాకా పోయేవాడు. చల్లబడితేనే తిరిగి వచ్చేవాడు. ఈలోగా ఆ ఇల్లాలు బయటికి వచ్చి వీళ్ల పక్కన కూర్చుని కండెలు చుట్టుకునేది. ఏమైంది అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అన్నీ వినబడినవే.

అలా ఎక్కువసార్లు బయటికి వచ్చి కూర్చున్నది ఒక చిన్న వయసు పిల్ల. అక్కన్నపేట దిక్కు నుంచి కోడలిగా వచ్చింది, కాబట్టి అందరూ అక్కన్నపేట పిల్ల అనేవాళ్లు. మొగుడు బొంబాయి దగ్గరి భివండిలో మరమగ్గాల మీద పనిచేసి, అక్కడ పని పోయి తిరిగి వచ్చాడు. ఇక్కడి గుంట మగ్గం ఆయనకు చేతకాలేదు. ఆమెకు చేతనయింది. అదే ఆయనకు మంటగా ఉండేదని అందరికీ తెలుసు. కానీ గల్లీ నోరు తెరిచి ఉన్నంత కాలం ఆయన చెయ్యి సగంలోనే ఆగేది.

ఆ గల్లీకి మేం మంచి మాట నెల తీసుకుపోయాం.

మీటింగులో మేడం నిలబడి చెప్పింది. "ఈ నెల గుణం మంచి మాట. ఇంట్లో గానీ బయట గానీ ఎవరి నోటా తిట్టు రాకూడదు. పిల్లలు మీ మాటలే నేర్చుకుంటారు."

పెద్దవ్వ కూర్చున్న చోటి నుంచే అడిగింది. "మేడం, పిల్లిని తిట్టొచ్చునా? పొద్దుగాల పాలల్ల మూతి వెట్టింది."

"పిల్లినీ తిట్టకూడదు అవ్వా."

"మా ముసలోడు ఫొటోల కూసున్నడు. దీపం వెట్టేటప్పుడు రోజుకు రెండు తిడ్త. గవ్వి గూడ బందేనా?"

కండక్టరన్న మైకులో జవాబిచ్చాడు. "పోయినోళ్లకు పాసున్నది అవ్వా. వాళ్లను తిట్టుకో."

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఇక్కడే చెప్పి పెడుతున్నాను. నవ్వులు ఆగాక ఆమె ఇంకో మాట చెప్పింది. ఈ గల్లీలో ఈ గుణం రెండు నెలలు ఉంటుంది, ఆ గడువు తీరేసరికి తిట్టు వినబడకుండా పోతే, గల్లీ చివర షెడ్డుకు సంఘం కొత్త రేకులు వేయిస్తుంది.

ఆ మాటతో అందరి తలలూ గల్లీ చివరికి తిరిగాయి. ఆ షెడ్డులోనే వాళ్లు పడుగు నూలుకు గంజి పెట్టి ఆరబెట్టుకునేవాళ్లు. రేకులు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. వాన వస్తే ఇంటిల్లిపాదీ నూలు ఎత్తుకొని పరుగెత్తడమే. తడిసిన పడుగు తెగిపోతుంది, దాంతో వారాల పని పోతుంది. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో ఆ రేకుల కోసం. ఇప్పుడు నోరు మూసుకుంటే వస్తాయంటున్నారు.

తిట్టినవాళ్లను ఎలా గుర్తుపట్టాలి అన్న ప్రశ్న వచ్చింది. ఆ ఆలోచన మేడంది కాదు, నాది కాదు, ఆ ఆడవాళ్లదే. తిట్టినవాళ్ల తలుపు గొళ్లానికి ఎర్ర నూలు పోగు ఒకటి కట్టాలన్నారు. నేతగాళ్ల గల్లీ, చేతికి అందేది నూలే. ఎవరు కట్టాలంటే, "గీమె కట్టాలె. గీమె మన గల్లీది కాదు, ఎవరి దిక్కు వట్టది" అని నన్ను చూపించారు.

మొదట లేచి ఒట్టు పెట్టుకున్నది ఆ భివండి నుంచి వచ్చినాయనే. చేతులు కట్టుకొని, "నా నోటి నుంచి ఒక్క చెడు మాట రాదు మేడం" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

మొదటి వారాల్లో పోగులు ఎక్కువగా పెద్దవ్వ గొళ్లానికే పడ్డాయి. పండుగ తోరణంలా వేలాడేవి. నేను కట్టబోతే, "సగం తిట్టి యాదికొచ్చి ఆపిన పిల్లా, సగం పోగు కట్టు" అనేది. ఇంకోసారి, "గీ నూలంత జమజేస్తే నాకొక కొంగయితది, కట్టు కట్టు" అన్నది. కానీ మిగతా ఆడవాళ్లకు అది నవ్వులాట కాలేదు. పక్కింటామె ఒకరోజు, "అవ్వా, నీ నోట్ల..." అని ఆగి, నా వైపు చూసి, "నీ నోటికి దండం పెడత. నీ ఒక్కదాని వల్ల రేకులు పోవాల్నా?" అన్నది.  ఆ రోజు నుంచి పెద్దవ్వ గొళ్లానికి కొత్త పోగు పడలేదు.

ఎలా ఆపుకున్నారు అంటే, తలుపులు మూసుకున్నారు. తిట్టు నోటిదాకా వస్తే లోపలికి పోయి తలుపు పెట్టుకొని మింగేవాళ్లు. ఏ ఇంట్లోనైనా చప్పుడైతే, ఇదివరకు గడప మీదికి వచ్చినవాళ్లు ఇప్పుడు లోపలికి పోయేవాళ్లు. బయట నిలబడి చూస్తే నోరు ఆగదు కదా, అందుకని. మగ్గాలకు బల్బులు పెట్టుకున్నారు. పట్టపగలు అన్ని తలుపులూ మూసి ఉన్న ఆ గల్లీని చూసి, సంఘం తరఫున వచ్చిన ఒక పెద్దమనిషి, "ఎంత ప్రశాంతంగా ఉంది" అన్నాడు. నాకు ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టనిపించింది.

ఆ భివండి ఆయన ఒట్టు తప్పలేదు. అది కూడా చెప్పాలి. ఆయన నోట్లోంచి ఒక్క తిట్టు రాలేదు. మనిషి పెద్దగా అరవడం కూడా మానేశాడు. ఒక మధ్యాహ్నం ఆ తలుపు ముందు నుంచి నడుస్తూ నా చెవులతో విన్నాను. "ఇటు రా. కూర్చో. చెయ్యి తియ్యి అడ్డం." అంతే. బడిలో పంతులు చెప్పినంత మెల్లగా. తర్వాత చప్పుడు. ఆ చప్పుడుకు ఏ రంగు నూలు కట్టాలో మాకు ఎవరూ చెప్పలేదు.

తలుపు కొట్టాను. ఆయనే తీశాడు. "ఏం కావాలి అమ్మా?" అన్నాడు మర్యాదగా. పిల్లను చూడాలన్నాను. "పడుకున్నది" అన్నాడు.

రెండు రోజులకు షెడ్డులో ఆమె ఒక్కతే నూలు ఆరబెడుతూ కనబడింది. కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకొని ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"మగ్గం కట్టె తాకింది చిన్నమ్మా."

"మగ్గం కట్టె మెడ ఎన్క తాకుతదా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "జర మెల్లగ మాట్లాడు. అందరు నా ఇంటి దిక్కే సూస్తున్నరు. రేకులు వడ్డంక మాట్లాడుకుందాం."

ఈ సంగతి గల్లీలో ఆడవాళ్లతో అన్నాను. వాళ్లకు తెలియక కాదు. "గా రేకులు వడనీ, మర్నాడు సూడు వాని సంగతి" అన్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది కూడా. పెద్దవ్వ మాత్రం, "నన్నడుగకు పిల్లా, నా నోరు మీరే కుట్టిన్రు" అని తలుపు వేసుకుంది.

ఇక మేడం దగ్గరికి పోయాను. కండక్టరన్న కూడా వచ్చాడు. నేను చూసిందీ విన్నదీ చెప్పాను. మేడం కలం పక్కన పెట్టి మొత్తం విన్నది.

"నాకు బాధగానే ఉందమ్మా," అన్నది. "కానీ అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఏదీ నిలబడదు. ఇప్పుడు మనం చేస్తున్నది మాట. దీని తర్వాత నెల దయ ఉంది. అప్పుడు ఈ విషయమే తీసుకుందాం. అప్పటిదాకా ఓపిక పట్టమని ఆ అమ్మాయికి చెప్పండి."

మెట్లు దిగుతుంటే కండక్టరన్న అన్నాడు. "బస్సుల ఎవనికన్న దెబ్బ తాకితె ఆఖరి స్టేజి దాక ఆగుమంటమా చెల్లె?"

"గా మాట లోపల అనకపోయినవే."

"నువ్వన్నవు గదా. ఏమైంది?"

ఇద్దరం నడుచుకుంటూ పోయాం. 

రెండు నెలలు గడిచాయి. సంఘం పెద్దలు వచ్చి చూసి, రేకుల సంగతి తేల్చే రోజు వచ్చింది. గల్లీ అంతా ఊడ్చి ముగ్గులు పెట్టారు. షెడ్డు ముందు షామియానా వేశారు. ముందు వరుస కుర్చీల్లో పెద్దలు, వాళ్ల పక్కన మేడం. పెద్దవ్వను, ఎందుకైనా మంచిదని, చివరి వరుసలో కూర్చోబెట్టారు. ఒక్క పోగు కూడా పడని తలుపు భివండి ఆయనదే కాబట్టి, ఆయనకు శాలువా కప్పి నాలుగు మాటలు మాట్లాడించాలని ముందే అనుకున్నారు. తెల్లచొక్కా వేసుకొని వచ్చి కూర్చున్నాడు.

నా పని ఎప్పుడూ చేసేదే, ఇంటింటికీ పోయి ఆడవాళ్లను పిలవడం. అందరూ వచ్చారు. అక్కన్నపేట పిల్ల రాలేదు. వాళ్లింటి ముందుకు పోయి చూస్తే తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. తాళం లేదు. ఊరికి పోయిందేమో అనుకొని వెనక్కి తిరగబోయాను. గడప ముందు ఆమె చెప్పుల జత బోర్లా పడి ఉంది. గొళ్లెం తీసి లోపలికి పోయాను.

బల్బు ఆర్పి ఉంది. చీకటికి కళ్లు అలవాటు పడటానికి కాసేపు పట్టింది. ఆమె మగ్గం గుంటలో ఉంది. నేసేటప్పుడు కూర్చున్నట్టు కాదు, పక్కకు ఒరిగిపోయి, గోడకూ మగ్గం కట్టెకూ మధ్య ఇరుక్కొని ఉంది. కుడి చెయ్యి మోచేతి కింద ఉండాల్సిన దిక్కుకు లేదు. నోట్లో కొంగు కుక్కి ఉంది. వాడే కుక్కాడనుకొని తీశాను.

"ఎప్పటిసంది బిడ్డా?"

"పొద్దుగాలసంది. శాలువ కప్పుతరట, మంచి చీర కట్టుకొని ముంగట కూసొమ్మన్నడు. రానన్న."

"ఒక్క అరుపు అరిస్తె నేను రాకపోదునా? గీ గల్లీలనే తిరుగుతున్న గదనే."

"అర్వలే చిన్నమ్మా. కొంగు నేనే వెట్టుకున్న." ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "మా తలుపుకు నూలు గట్టవు గదా?"

ఆ మాట విన్నాక నేను ఏం ఆలోచించాను అని మేడం తర్వాత అడిగింది. ఏమీ ఆలోచించలేదు. లేచి వచ్చి ఆ ఇంటి గడప మీద నిలబడ్డాను. అప్పటికే ఆయనకు శాలువా కప్పారు. మైకు పట్టుకొని, "మాట అంటే పువ్వు లాంటిది" అని చెప్తున్నాడు.

"ఓరి సచ్చినోడా," అన్నాను. "నీ శాలువ మీద మన్నువడ. నీ పెండ్లాన్ని గుంటల వడేసి వచ్చి గీడ పువ్వులు పంచుతున్నవా? దాని చెయ్యి ఇర్గి యాలాడుతున్నదిరా. నీ పీనుగెల్ల, నీ నాలుక తెల్లగున్నదని నీ చేతులు గూడ తెల్లగయితయా?"

మైకు అవసరం రాలేదు. షామియానా కింద అందరూ నా వైపు తిరిగారు. ఆయన కంగారు పడలేదు. మైకు దించి మేడం వైపు చూసి, ఎంతో వినయంగా అన్నాడు.

"విన్నారా మేడం? రెండు నెలలు మనకు నేర్పిన మనిషి. ఎలాంటి భాష మాట్లాడుతున్నదో మీరే వినండి."

మేడం లేచి నిలబడింది. "అమ్మా, ఏమిటిది? పెద్దవాళ్లున్నారు."

ఆడవాళ్లు కదల్లేదు. ఒకామె కళ్లెత్తి షెడ్డు కప్పు వైపు చూసింది. నేను అది చూశాను. ఆమెను తప్పు పట్టను, ఆ చిల్లుల కింద తడిసిన నూలు నాది కాదు.  కానీ ఆ కాసేపు, ఈ గల్లీని నిజంగానే బాగు చేసేశామా అనుకున్నాను.

అప్పుడు చివరి వరుసలో పెద్దవ్వ లేచింది. మోకాళ్లు పట్టుకొని లేచి, ఆయన వైపు రాలేదు, నా వైపు రాలేదు. కుర్చీల మధ్య నుంచి మెల్లగా నడిచి తన ఇంటికి పోయింది. భయపడి పోతున్నదనుకున్నారు అందరూ. ఆమె తలుపు తోసింది, రెండు రెక్కలూ గోడకు తగిలేదాకా తెరిచింది. తిరిగి తన గడప మీద నిలబడింది. తిట్టాలంటే ఎవరి గడప మీది నుంచి వాళ్లే తిట్టాలి, అది ఆ గల్లీ పద్ధతి.

"ఓరి భివండి సచ్చినోడా," అన్నది.

ఆ తర్వాత ఆమె అన్నవన్నీ మా కోడలు రాయనంటున్నది. సరే, వదిలేద్దాం. పక్కింటామె లేచి పోయి తన తలుపు తెరిచింది. ఆమె వెనక ఇంకొకామె. ఒక్కొక్క కుర్చీ ఖాళీ అవుతుంటే ఒక్కొక్క తలుపు తెరుచుకుంది. రెండు నెలలు మింగిందంతా గడపల మీదికి వచ్చింది. కప్పు వైపు చూసినామె అందరికంటే ఆలస్యంగా లేచింది, అందరికంటే ఎక్కువసేపు తిట్టింది. ఆయన శాలువాతోనే షామియానా వెనక నుంచి దారి చూసుకున్నాడు.

మైకు ఆపేసి కండక్టరన్న అప్పటికే ఆటో కోసం పోయాడు. మేడం నా వెనకే లోపలికి వచ్చింది. గుంట అంచున కూర్చొని ఆ పిల్లను చూసింది. చెప్పులు విడిచి గుంటలోకి దిగింది. మేడం కాళ్ల వైపు పట్టింది, నేను నడుము కింద చేతులు పెట్టాను. ఇద్దరం కలిసి పైకి తీశాం.

తర్వాతి సంగతులు మీరు అడిగేవే, కాబట్టి చెప్పేస్తాను. రేకులు రాలేదు. నియమం నియమమే అన్నారు పెద్దలు. గల్లీ వాళ్లు షెడ్డు మీద టార్పాలిన్ కప్పుకున్నారు. గాలి వస్తే ఎగిరిపోతుంది, మళ్లీ కట్టుకుంటారు. భివండి ఆయన మీద పోలీస్ స్టేషన్లో కేసు రాయించారు. గల్లీ నుంచి సాక్షులుగా పోయినవాళ్లను అక్కడి జమేదారు అందరూ ఒకేసారి చెప్పకండి, ఒక్కొక్కరుగా రమ్మని బతిమాలాల్సి వచ్చింది. ఆయన మళ్లీ ఆ గల్లీలో కాపురం పెట్టలేదు. పిల్ల కొంతకాలం తల్లిగారింట్లో ఉండి వచ్చి, అదే ఇంట్లో, అదే మగ్గం మీద నేస్తున్నది. దయ నెల బోర్డు చెప్పిన తేదీకే వచ్చింది. కండక్టరన్న దాన్ని నిలబెట్టి, చాలాసేపు దాని వెనకే నిలబడ్డాడు. ఆ తర్వాత ఎర్ర పోగులు, అలాంటి గుర్తులు ఇంకే గల్లీలోనూ పెట్టకుండా మేడం మానిపించింది. నన్ను పనిలోంచి తీసేయమని కొందరన్నా ఆమె తీయలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అదే పని చేశాను. ఆ పని మంచిదే అని ఇప్పటికీ అంటాను. గల్లీలోకి పోయి మంచి చెప్పండి. కానీ మీరు చెప్పబోయే మంచి అక్కడ అప్పటికే వేరే వేషంలో ఉందేమో, ముందు నాలుగు రోజులు ఊరికే కూర్చొని చూడండి. వేషం బాగాలేదని దాన్ని తరిమేస్తే, తర్వాత ఏ బోర్డు పెట్టినా అది తిరిగి రాదు.

ఇక దవాఖాన సంగతి మిగిలింది.

ఆటోలో ఆ పిల్ల మధ్య కూర్చున్నది, నేనొక పక్క, పెద్దవ్వ ఒక పక్క. గుంత వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు పెద్దవయ్యేవి, నోరు తెరుచుకునేది కాదు. పెద్దవ్వ తిట్టి తిట్టి గొంతు పోగొట్టుకున్నది. దారంతా ఆ పిల్ల మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నది, అంతే.

డాక్టరు చిన్న వయసు ఆయన. ఫొటో తీయించి చూసి, ఎముక లాగి సరిచేయాలన్నాడు.

"ఎట్లయిందమ్మా?"

ఆమె నా ముఖం చూసింది, పెద్దవ్వ ముఖం చూసింది. "మగ్గం కట్టె" అన్నది. అని ఆగిపోయింది. మేం ఎవరమూ సాయం రాలేదు. 

"మా ఆయన ఇరగ్గొట్టిండు" అన్నది.

డాక్టరు తలూపి రాసుకున్నాడు. చేతికి ఇంజక్షను ఇచ్చాడు. "మత్తు ఇచ్చినా కొంచెం నొప్పి ఉంటది. పండ్లు బిగవట్టకు. ఒర్రితె ఒర్రు, ఏం కాదు" అన్నాడు. ఆమె బల్ల మీద పడుకొని అలవాటుగా ఎడమ చేత్తో కొంగు నోటి దాకా తెచ్చుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. కొంగు తీసి పక్కకు పెట్టాను.

"గిది గల్లీ కాదు బిడ్డా. ఒర్రు."

డాక్టరు లాగాడు. మొదట ఏమీ రాలేదు, మెడ నరాలు మాత్రం ఉబ్బాయి. తర్వాత ఆమె అరిచింది. అంత సన్నటి మనిషిలో అంత అరుపు ఉంటుందని నేను అనుకోలేదు. ఎముక చోటికి వచ్చాక కూడా అరుస్తూనే ఉంది. డాక్టరు చెయ్యి వదిలేసినా ఆగలేదు. వరండాలో నడిచేవాళ్లు ఆగి తొంగి చూశారు.

నర్సమ్మ పరుగున వచ్చింది. "ఎవరమ్మా గంతగనం మొత్తుకునేది? అవుతల బాలింతలున్నరు. జర మెల్లగ."

పెద్దవ్వ బల్ల కాళ్ల వైపు నిలబడి ఉంది. మిగిలిన ఆ కొంచెం గొంతుతో అన్నది.

"మా పిల్లనే బిడ్డా. మొత్తుకోనియ్యి."